ఈసీఈ ఫస్టియర్ అయ్యాక సీఎస్ఈకి మారడం కుదురుతుందా? (గుంటూరు, జేఎన్‌టీయూ కాకినాడ, ఆర్23)

కృష్ణలంక_అన్న

అందరికీ నమస్కారం. మా చెల్లి గుంటూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) చదువుతోంది. జేఎన్‌టీయూ కాకినాడ అనుబంధ కాలేజీ, ఆర్23 రెగ్యులేషన్ (2023 నాటి సిలబస్, నిబంధనలు). కన్వీనర్ కోటా సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. 1-1లో (ఫస్టియర్ మొదటి సెమిస్టర్‌లో) పదికి 8.6 వచ్చింది, బ్యాక్‌లాగ్‌లు లేవు. 1-2 పరీక్షలు అవుతున్నాయి.

ఇప్పుడు సీఎస్ఈకి (కంప్యూటర్ సైన్స్‌కి) మారతానంటోంది. కాలేజీ ఆఫీసులో అడిగితే "చూద్దాంలే అమ్మా, సెకండియర్ మొదలయ్యాక రండి" అన్నారట. మాకు తెలిసినాయన ఒకరు మాత్రం మేనేజ్‌మెంట్ సీటు ఖాళీ ఉంటే లోపల్లోపల మార్పించేస్తానంటున్నాడు, కొంత ఖర్చవుతుందట. అసలు రూల్ ఏమిటి? మారితే ఏ సబ్జెక్టులు మళ్ళీ రాయాలి? మారడం కుదరకపోతే మైనర్ డిగ్రీ అంటున్నారు కదా, దానికి విలువ ఉందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

హాల్‌టికెట్

ఆఫీసువాళ్ళు చూద్దాం అన్నారంటే అక్కడ చూడ్డానికి ఏమీ లేదనే అనుకోండి. అడ్మిషన్ల ప్రక్రియ ముగిశాక బ్రాంచ్ మార్పు ఉండదని జేఎన్‌టీయూ రెగ్యులేషన్లలో స్పష్టంగా రాసి ఉంది. దీన్ని మార్చే అధికారం ప్రిన్సిపాల్‌కు గానీ కరస్పాండెంట్‌కు గానీ లేదు. 8.6 వచ్చినా 9.6 వచ్చినా అంతే. మార్కులు బాగుంటే మారుస్తారన్న మాట డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీల్లోంచి వచ్చింది. వడ్డేశ్వరం, వడ్లమూడి, నీరుకొండ వైపు ఉన్న యూనివర్సిటీలకు ఎవరి రూల్స్ వాళ్ళకుంటాయి. అనుబంధ కాలేజీకి అవి వర్తించవు.

ఆ తెలిసినాయన సంగతి. లోపల మార్పిస్తానని ఎవరన్నా ముందు హాల్‌టికెట్ నంబర్ తీసి చూడండి. అందులో పది అక్షరాలుంటాయి. మొదటి రెండూ చేరిన సంవత్సరం, తర్వాతి రెండూ కాలేజీ కోడ్, ఆ తర్వాత రెగ్యులర్ అయితే 1ఎ, ఈసెట్ (డిప్లొమా వాళ్ళు రాసే ప్రవేశ పరీక్ష) ద్వారా వస్తే 5ఎ. ఏడు, ఎనిమిది స్థానాల్లో ఉండేదే బ్రాంచ్ కోడ్: 04 అంటే ఈసీఈ, 05 అంటే సీఎస్ఈ, 12 అంటే ఐటీ. మీ చెల్లి నంబర్లో అక్కడ 04 ఉంటుంది. సీఎస్ఈ సెక్షన్‌లో కూర్చోబెట్టినా, అటెండెన్స్ అక్కడే వేసినా, యూనివర్సిటీ కంప్యూటర్లో 04 ఉన్నంతకాలం ఆమెకు ఈసీఈ పేపర్లే వస్తాయి, ఈసీఈ డిగ్రీయే వస్తుంది. డబ్బు కట్టాక ఈ నంబర్ మారకపోతే కట్టింది పోయినట్టే.

సెకండియర్ సీఎస్ఈలో సీటు ఖాళీ ఉంది కదా అనొచ్చు. ఆ ఖాళీ మీకు రాదు. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ నిబంధన ప్రకారం సెకండియర్‌లో లేటరల్ ఎంట్రీకి (నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్ళకి) పది శాతం అదనపు సీట్లతో పాటు ఫస్టియర్‌లో నిండక మిగిలినవి కూడా ఉంటాయి. ఆ సీట్లు ఈసెట్ రాసిన డిప్లొమా వాళ్ళవి.

కృష్ణలంక_అన్న

అర్థమైంది అండీ. ఆయన చెప్పేది ఇంకో రకంగా ఉంది. ఈసీఈ సీటు కాన్సిల్ చేసుకుని, కొత్త బ్యాచ్‌తో ఫస్టియర్ సీఎస్ఈ మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పిస్తాడట. అది చట్టబద్ధమేనా?

హాల్‌టికెట్

చట్టబద్ధమే. కానీ అది బ్రాంచ్ మారడం కాదు, చదువు మొదటినుంచి మొదలుపెట్టడం. దీనివల్ల పోయేవి చూడండి. ఒక ఏడాది పోతుంది. కన్వీనర్ సీటు పోతుంది, దాంతో ఫీజు రీయింబర్స్‌మెంటూ పోతుంది. మేనేజ్‌మెంట్ కోటాకు గానీ స్పాట్ అడ్మిషన్‌కు గానీ రీయింబర్స్‌మెంట్ వర్తించదు. పైగా నాలుగేళ్ళూ మేనేజ్‌మెంట్ ఫీజు కట్టాలి. ఆ మొత్తం కాగితం మీద వేసుకుని చూశాకే మాట్లాడండి.

మళ్ళీ ఈఏపీసెట్ రాసి కన్వీనర్ కోటాలోనే సీఎస్ఈ తెచ్చుకునే దారి కూడా ఉంది. అందులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుందని మరచిపోకండి. ఆ మార్కులు ఇప్పుడు మారవు కాబట్టి ర్యాంకు మెరుగుపడాలంటే 160 మార్కుల పేపర్లోనే చూపించాలి. ఫస్టియర్ చదువుకుంటూ అది తేలిక కాదు. సీటు వచ్చాక పాత కాలేజీ నుంచి టీసీ, ఒరిజినల్స్ తెచ్చుకునే పని వేరే. చేరేటప్పుడు ఏయే ఒరిజినల్స్ ఇచ్చారో రసీదు ఉందో లేదో ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

ఇప్పుడు కౌన్సెలింగ్‌లో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. బ్రాంచ్ మార్చుకునే అసలు సమయం మీకు ఇప్పుడే. తర్వాతి విడతలో మళ్ళీ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. కానీ కొత్త సీటు అలాట్ అయిన క్షణంలో పాతది దానంతటదే రద్దవుతుంది, వెనక్కి రాదు. "ఊరికే చూద్దాం" అని దూరపు కాలేజీ సీఎస్ఈ పైన పెట్టి, విజయవాడలో ఉన్న మంచి ఈసీఈ సీటు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. చేరడానికి నిజంగా సిద్ధమైన ఆప్షన్లే పెట్టండి.

పాయింటర్_పంతులు

రూల్స్ సంగతి పైన చెప్పేశారు. నేను సబ్జెక్టుల సంగతి చెప్తాను, ఎందుకంటే "ఈసీఈలో ఉంటే కంప్యూటర్లు రావు" అన్న భయంతోనే చాలామంది మారాలనుకుంటారు.

ఆర్23లో ఫస్టియర్ దాదాపు ఒకటే. మ్యాథ్స్ రెండు పేపర్లు, సీ లాంగ్వేజ్‌తో ప్రోగ్రామింగ్, ఫిజిక్స్, కెమిస్ట్రీ, గ్రాఫిక్స్, బేసిక్ ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ అందరికీ ఉంటాయి, సెమిస్టర్లు అటూ ఇటూ అవుతాయంతే. తేడా 1-2లో వస్తుంది. సీఎస్ఈ వాళ్ళకు డేటా స్ట్రక్చర్స్, మీకు నెట్‌వర్క్ అనాలిసిస్. అసలు దూరం 2-1 నుంచి మొదలు. వాళ్ళు డిస్క్రీట్ మ్యాథ్స్, అడ్వాన్స్‌డ్ డేటా స్ట్రక్చర్స్, జావా చదువుతుంటే మీరు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ఈడీసీ (ఎలక్ట్రానిక్ డివైసెస్ అండ్ సర్క్యూట్స్), స్విచ్చింగ్ థియరీ చదువుతారు. 2-2లో వాళ్ళకు ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌లు). మీకు కంట్రోల్ సిస్టమ్స్, అనలాగ్ కమ్యూనికేషన్స్.

కాబట్టి ఇప్పుడు మీ చెల్లికి నిజంగా వెనకబాటు ఒక్క డేటా స్ట్రక్చర్సే. ఈ సెలవుల్లో అది పూర్తి చేస్తే 2-1లో సీఎస్ఈ వాళ్ళు ఎక్కడున్నారో తనూ అక్కడే ఉంటుంది. ఇది వదిలేసి నేరుగా బెంజ్ సర్కిల్ దగ్గర ఫుల్ స్టాక్ కోచింగ్‌లో చేరడం మాత్రం దండగ. ఫ్రేమ్‌వర్క్ నేర్పుతారు, ఇంటర్వ్యూలో అడిగేది ట్రీ, హ్యాష్ టేబుల్.

సీ వచ్చు అనుకునేవాళ్ళకు చిన్న పరీక్ష. లింక్డ్ లిస్ట్‌లో (ఒక్కో నోడ్ తన తర్వాతి నోడ్ చిరునామాను నెక్స్ట్ పాయింటర్‌లో దాచుకునే జాబితాలో) మధ్య నోడ్ ఒకటి తీసేసే ఫంక్షన్ రాయమనండి. చాలామంది ముందు ఆ నోడ్‌ని ఫ్రీ చేసి (దాని మెమరీని వదిలేసి), తర్వాత దాని నెక్స్ట్ పాయింటర్ చదివి వెనక నోడ్‌కి కలుపుతారు. ల్యాబ్‌లో ఒక్కోసారి సరైన అవుట్‌పుటే వస్తుంది, ఎందుకంటే ఫ్రీ చేసిన చోట పాత విలువ ఇంకా చెరిగిపోకుండా ఉండొచ్చు. సార్ సంతకం పెట్టేస్తారు. అదే కోడ్ పెద్ద ప్రోగ్రాంలో ఒకసారి నడుస్తుంది, ఒకసారి కుప్పకూలుతుంది. మొదట వెనక నోడ్‌ని, తీసేసే నోడ్‌కి తర్వాత ఉన్న నోడ్‌కి కలపాలి, ఆ తర్వాతే ఫ్రీ చేయాలి. మొదటి నోడ్‌నే తీసేయాల్సి వస్తే హెడ్ కూడా మారాలి, అక్కడ ఇంకో సగం మంది దొరికిపోతారు. లైనక్స్‌లో డీబగ్ సమాచారంతో కంపైల్ చేసి వాల్‌గ్రైండ్ (మెమరీ తప్పులు పట్టే టూల్) కింద నడిపితే ఫ్రీ చేసిన మెమరీని ఏ లైన్‌లో చదివారో అదే చూపిస్తుంది. ఈ ఒక్క అలవాటు ఉంటే ఈసీఈ, సీఎస్ఈ అన్న తేడా పోతుంది.

ఈసీఈ వల్ల కలిసొచ్చేవి కూడా తక్కువేం కాదు. స్విచ్చింగ్ థియరీలో చదివే కె-మ్యాప్‌లు, ఫ్లిప్‌ఫ్లాప్‌లు సీఎస్ఈ వాళ్ళ డిజిటల్ లాజిక్‌లో సగం. ప్రాబబిలిటీ అయితే ఈసీఈలోనే లోతుగా ఉంటుంది, స్టొకాస్టిక్ ప్రాసెస్‌ల దాకా వెళ్తారు. మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్ళాలంటే అది బాగా పనికొస్తుంది. సొంతంగా కష్టపడి నేర్చుకోవాల్సినవి ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్. వీటిలో రెండింటిని ఓపెన్ ఎలక్టివ్‌లుగా (వేరే బ్రాంచ్ నుంచి ఎంచుకునే సబ్జెక్టులుగా) తీసుకుంటే అటెండెన్స్, మార్కులు, చదువు మూడూ ఒకే గంటలో అయిపోతాయి. స్నేహితులంతా తేలికైన ఓపెన్ ఎలక్టివ్ ఎంచుకుంటుంటే తానూ అటే వెళ్ళకుండా చూసుకోవాలి.

కృష్ణలంక_అన్న

చాలా థ్యాంక్స్ మాస్టారూ. మరి మైనర్ సంగతి?

హాల్‌టికెట్

160 క్రెడిట్ల మామూలు బీటెక్ మీద అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు వేరే బ్రాంచ్ సబ్జెక్టులు చేస్తే మైనర్ ఇస్తారు. చేరేనాటికి బ్యాక్‌లాగ్ ఉండకూడదు, సీజీపీఏ హద్దు ఒకటి పెడతారు. మీ చెల్లికి ఆ ఇబ్బంది లేదు.

చేరే ముందు చూసుకోవాల్సింది టైమ్‌టేబుల్. మైనర్ క్లాసులు రెగ్యులర్ క్లాసులయ్యాక సాయంత్రం పెడతారు, లేదా స్వయంలో (ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల పోర్టల్‌లో) చేసుకోమంటారు. ఊరి నుంచి కాలేజీ బస్సులో వచ్చే పిల్లలకు సాయంత్రం క్లాసంటే ఆ బస్సు వెళ్ళిపోయాక మొదలవుతుంది. హాస్టల్ కాకపోతే ఇది చిన్న విషయం కాదు.

స్వయం, ఎన్‌పీటెల్ కోర్సులైతే 12 వారాలదానికి 3 క్రెడిట్లు, 8 వారాలదానికి 2. వీడియోలు ఉచితం, పరీక్షకు మాత్రం వెయ్యి రూపాయలు ఫీజు. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, సెంటర్లో రాసే పరీక్షలో 75కి కనీసం 30 రావాలి, రెండూ విడివిడిగా. 12 వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన 8 అసైన్‌మెంట్లే లెక్కిస్తారు. ఆ ధైర్యంతో మొదటి నాలుగు వదిలేస్తే, మిడ్ పరీక్షలొచ్చిన వారంలో ఇంకోటి పోతుంది. ఇక కోర్సులో చేరే ముందు అది కాలేజీ ఆమోదించిన జాబితాలో ఉందని డిపార్ట్‌మెంట్ నుంచి కాగితం మీద తీసుకోండి. పరీక్ష పాసయ్యాక "ఈ కోర్సు మన లిస్టులో లేదమ్మా" అంటే వెయ్యి రూపాయలతో పాటు సెమిస్టర్ కూడా పోతుంది.

మైనర్ మధ్యలో వదిలేస్తే అప్పటిదాకా చేసిన సబ్జెక్టులు మెయిన్ డిగ్రీ ఎలక్టివ్‌ల కింద జమకావు. అవి అదనపు సబ్జెక్టులుగా మిగిలిపోతాయంతే.

గేట్_గోపాలం

విలువ ఉందా అని అడిగారు కదా. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కంపెనీ అయితే మైనర్ ఉన్నా లేకపోయినా పెద్దగా తేడా రాదు. క్యాంపస్‌కు వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీలు ఈసీఈని ఎటూ తీసుకుంటాయి. పది నుంచి బీటెక్ దాకా 60 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం, కోడింగ్ రౌండ్, ఇవే చూస్తాయి. కొన్ని ప్రాడక్ట్ కంపెనీలు సీఎస్ఈ, ఐటీ వాళ్ళకే అని పెడతాయి, వాటి ముందు మైనర్ చూపించినా ప్లేస్‌మెంట్ పోర్టల్ లోపలికి రానివ్వదు. మైనర్ కోసం సాయంత్రాలన్నీ పోగొట్టుకునే బదులు ఆ గంటలు ఆల్గారిథమ్స్‌కు పెట్టమనే నేను చెప్తాను. హాల్‌టికెట్ గారు ఒప్పుకోకపోవచ్చు.

డిగ్రీ మీద బ్రాంచ్ పేరు నిజంగా అడ్డొచ్చేది ప్రభుత్వ ఉద్యోగాల్లో. ఇస్రో సైంటిస్ట్ ఇంజనీర్ నోటిఫికేషన్‌లో ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ సైన్స్ పోస్టులు వేరువేరుగా ఉంటాయి. 65 శాతం లేదా 6.84 సీజీపీఏ ఉండాలి, డిగ్రీ ఆ బ్రాంచ్‌లోనే ఉండాలి. పాలిటెక్నిక్ లెక్చరర్ పోస్టులూ అంతే. అక్కడ మైనర్ చెల్లదు. కానీ అదే తలుపు రెండోవైపు కూడా తెరుచుకుంటుంది. యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్‌లో ఎలక్ట్రానిక్స్ అండ్ టెలికమ్యూనికేషన్ ఉంది, కంప్యూటర్ సైన్స్ అసలు లేనే లేదు. ఐబీపీఎస్ ఐటీ ఆఫీసర్‌కు సీఎస్ఈతో పాటు ఈసీఈ కూడా అర్హతే. ఈసీఈ పట్టుకుని కంప్యూటర్లు నేర్చుకున్న పిల్లకు రెండు వైపులా దరఖాస్తులుంటాయి. సీఎస్ఈకి మారితే ఒకవైపు మూసుకుపోతుంది. ఈ సంగతి మారాలనుకునేటప్పుడు ఎవరూ లెక్కేయరు.

ఇక సీఎస్ఈ ముద్ర కావాల్సిందే అంటే నాలుగేళ్ళ తర్వాత ఎంటెక్ కోసం గేట్ పరీక్ష ఉంది. ఏ బ్రాంచ్ వాళ్ళు ఏ పేపరైనా ఎంచుకోవచ్చు, మూడో ఏడాదిలోనే రాయొచ్చు. సీఎస్ పేపర్లో 65 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. అందులో 15 మార్కులు ఆప్టిట్యూడ్, 13 మ్యాథ్స్. డిజిటల్ లాజిక్, కంప్యూటర్ ఆర్గనైజేషన్ ఈసీఈ పిల్లలకు కొత్త కాదు. పూర్తిగా కొత్తవి థియరీ ఆఫ్ కంప్యుటేషన్, కంపైలర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్‌లో గ్రాఫ్ థియరీ. ఎంటెక్ సీఎస్ఈకి ఈసీఈ డిగ్రీ ఒప్పుకుంటారో లేదో ఒక్కో సంస్థకు ఒక్కోలా ఉంటుంది. కోచింగ్ ఫీజు కట్టే ముందే మీకు కావాల్సిన నాలుగైదు సంస్థల అర్హత పట్టికలు చూసుకోవాలి.

హాల్‌టికెట్

గోపాలం గారూ, ఒప్పుకోనన్నది నిజమే. స్వయంగా కూర్చుని చదువుకునే పిల్లలు తక్కువ. పరీక్ష తేదీ ఉంటేనే పుస్తకం తెరిచేవాళ్ళకు మైనరే దిక్కు.

తెనాలి_నాన్న

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజనీరింగ్, డీసీఎంఈ, ఆఖరి ఏడాది. వాడికి సీఎస్ఈలోకి వెళ్ళడానికి ఏమైనా ఇబ్బందా?

పాయింటర్_పంతులు

ఏ ఇబ్బందీ లేదండీ, మీవాడిది రాజమార్గం. ఈసెట్‌లో సీఎస్ఈ పేపర్ రాసి నేరుగా సెకండియర్‌లోకి వస్తాడు. 200 మార్కుల్లో వంద డిప్లొమా సబ్జెక్టులు, 50 మ్యాథ్స్, 25 ఫిజిక్స్, 25 కెమిస్ట్రీ. పాలిటెక్నిక్ పిల్లలు ఇంజనీరింగ్ వందలో బాగానే తెచ్చుకుంటారు, ఎప్పుడో మొదటి ఏడాదిలో చదివి వదిలేసిన ఫిజిక్స్, కెమిస్ట్రీలో పోగొట్టుకుంటారు. ఆ యాభైని వదలొద్దనండి. సీ, డేటా స్ట్రక్చర్స్ డిప్లొమాలోనే అయిపోయాయి కాబట్టి 2-1లో ప్రోగ్రామింగ్ వల్ల ఇబ్బంది ఉండదు. తడబడేది మ్యాథ్స్‌లో. బీటెక్ ఫస్టియర్ లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ వాడు చదవకుండానే లోపలికొస్తాడు. ఈసెట్ రాసిన రోజు నుంచి కాలేజీ తెరిచేదాకా ఆ రెండు పుస్తకాలే చదవమనండి.

కృష్ణలంక_అన్న

ఆఖరి ప్రశ్న. చెల్లి తర్వాత ఎంఎస్‌కి అమెరికా వెళ్దామనుకుంటోంది. బీటెక్ ఈసీఈ అయితే అక్కడ సీఎస్ ఇవ్వరా? కంప్యూటర్ ఇంజనీరింగ్‌లో చేరి అక్కడికెళ్ళాక సీఎస్‌కి మారొచ్చని ఎవరో అన్నారు.

ఐ20_ఆంటీ

ఇస్తారు నాయనా. సీఎస్ డిపార్ట్‌మెంట్లు డేటా స్ట్రక్చర్స్, ఆల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నాయా అని చూస్తాయి. ఇక్కడే పైన చెప్పిన ఓపెన్ ఎలక్టివ్‌లు, మైనర్ అక్కరకొస్తాయి. యూట్యూబ్‌లో నేర్చుకున్నది ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనపడదు కదా. అవి లేకపోతే కొన్ని యూనివర్సిటీలు సీటిచ్చి ముందు ఆ కోర్సులు చేయమంటాయి. వాటికి కట్టే డాలర్లు డిగ్రీ క్రెడిట్లలో కలవవు.

వెళ్ళాక మారడం గురించి చెప్పినవాళ్ళు సగమే చెప్పారు. చాలాచోట్ల కంప్యూటర్ ఇంజనీరింగ్ ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ కింద ఉంటుంది, సీఎస్ వేరే డిపార్ట్‌మెంట్. మారాలంటే అక్కడికి కొత్తగా అప్లై చేయాలి, వాళ్ళు కాదనొచ్చు. ఒప్పుకుంటే డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) చేత ఐ-20లో (స్టూడెంట్ వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రంలో) ప్రోగ్రామ్ మార్పించుకోవాలి.

అయితే మారాల్సిన అవసరం ఉందా అని ముందు చూసుకోమను. ఐ-20 మీద కంప్యూటర్ సైన్స్‌కు 11.0701, కంప్యూటర్ ఇంజనీరింగ్‌కు 14.0901 కోడ్ ఉంటుంది. రెండూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలోనే ఉన్నాయి, రెండింటికీ 12 నెలల ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి), ఆపైన 24 నెలల పొడిగింపు. ఉద్యోగం చదివిన సబ్జెక్టుకు సంబంధించినదై ఉండాలి, సాఫ్ట్‌వేర్ పనైతే కంప్యూటర్ ఇంజనీరింగ్‌తో ఆ సంబంధం చూపించడం కష్టం కాదు. కాబట్టి అప్లై చేసేటప్పుడు పేరు పట్టుకుని వేలాడకుండా ఒక్కో ప్రోగ్రామ్‌లో సీఎస్ డిపార్ట్‌మెంట్ కోర్సులు ఎన్ని తీసుకోనిస్తారో హ్యాండ్‌బుక్‌లో చూసుకోమను. కొన్నిచోట్ల సీఎస్ విద్యార్థులు రిజిస్టర్ చేసుకున్నాక మిగిలిన సీట్లే బయటి డిపార్ట్‌మెంట్ వాళ్ళకిస్తారు, మంచి కోర్సులన్నీ అప్పటికే నిండిపోతాయి. అక్కడ చదువుతున్న సీనియర్‌ని అడగాల్సిన ప్రశ్న అదే.

కృష్ణలంక_అన్న

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఆ తెలిసినాయనకు వద్దని చెప్పేశాం. డేటా స్ట్రక్చర్స్ ఈ వారమే మొదలుపెడతానంది, వాల్‌గ్రైండ్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలో అడుగుతోంది. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది.

పాయింటర్_పంతులు

విండోస్‌లో అది నేరుగా నడవదు బాబూ. డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లైనక్స్ నడిపే సదుపాయం) పెట్టి అందులో ఉబుంటు లైనక్స్ వేసుకోమను, తర్వాత సీ కంపైలర్ జీసీసీ, వాల్‌గ్రైండ్ రెండూ ఆప్ట్ ఇన్‌స్టాల్ కమాండ్‌తో వచ్చేస్తాయి. డబ్ల్యూఎస్ఎల్ ఎర్రర్ ఇస్తే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉండి ఉంటుంది, ముందు అది ఆన్ చేయాలి.